శుక్రవారం కడిగే ఇల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. వానకి కొబ్బరి దింపు వాయిదా పడి తోటకి వెళ్ళకుండా ఆగిపోయిన నాన్న సాయిదుర్గాప్రసాద్, చేతిలో అట్లకాడతోనే మాటిమాటికీ హాల్లోకి వచ్చి చూసిపోతున్న అమ్మ అన్నపూర్ణ, నవారు మంచం మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న మామ్మ ఆదిలక్ష్మి, ఎవరూ పిలవకపోయినా కొత్తపేట నుంచి బండేసుకుని తడుస్తూ వచ్చేసిన అమ్మ తమ్ముడు సత్తిబాబు మావయ్య, వీళ్ళందరి వెనకా వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డ శ్రీకళ. గోడకి ఆనించిన పొడుగాటి అట్టపెట్టెని కూడా కలుపుకుంటే ఆరుగురు. కలుపుకోవడమే న్యాయం, ఎందుకంటే ఆ రోజు అందరికన్నా ఎక్కువ మర్యాదలు జరిగింది ఆ పెట్టెకే.

పెట్టెలో ఉన్నది బీరువా. బీరువా అంటే నిలబడ్డ బీరువా కాదు. పలకలు పలకలుగా, స్క్రూలు పొట్లాలుగా వచ్చింది. మనమే బిగించుకోవాలి. ఫోన్లో చూసి తెప్పించేరు. చూసింది, ఎంచింది, ఇదే కొనమని చెప్పింది శ్రీకళ.

శ్రీకళ ఏదైనా చెప్పడమే ఆ ఇంట్లో వింత. పదో తరగతికి వచ్చినా బళ్ళో మేష్టారు పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడేది గానీ, తెలిసిన జవాబు కూడా గొంతు దాటి వచ్చేది కాదు. ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, వాళ్ళు పేరు అడిగేలోపు వెనక్కి వెళ్ళిపోయేది. మాటలు లేక కాదు. అవన్నీ ఒక పుస్తకంలో రాసుకునేది. రోజూ రాసుకునేది. రాసుకోవడానికే చోటు దొరికేది కాదు.

ఆ ఇంటికి ఒక హాలు, ఒక పడకగది, వంటిల్లు, వెనక ఒక కొట్టుగది. పడకగది అమ్మానాన్నలది. హాల్లో మామ్మ మంచం, టీవీ, రాత్రయితే శ్రీకళ చాప. తోట పని మీద వచ్చేవాళ్ళు, కాయల బేరానికి వచ్చేవాళ్ళు, చుట్టపు చూపుగా వచ్చేవాళ్ళు అందరూ ఆ హాల్లోకే వచ్చేవారు. శ్రీకళ పుస్తకం తీసుకుని పెరట్లో అరటి పిలకల వెనక, బట్టలుతికే బండ మీద కూర్చునేది. అక్కడ దోమలు రాయనిచ్చేవి కావు. వానొస్తే ఆ చోటూ ఉండేది కాదు.

మిగిలింది కొట్టుగది. చిన్నదే అయినా దానికో కిటికీ ఉంది, కిటికీ అవతల బోదె కాలవ, దాని గట్టున కొబ్బరి చెట్లు. అన్నిటికన్నా ముఖ్యం, దానికి తలుపు ఉంది. రెండు రెక్కల పాత టేకు తలుపు. శ్రీకళకి కావలసింది ఆ తలుపే. ఆ మాట పుస్తకంలో తప్ప ఎక్కడా చెప్పలేదు. నాన్నతో మాత్రం చదువుకోవడానికి గది కావాలంది, అదీ అమ్మ చేత చెప్పించింది.

నాన్న కాదనలేదు. కానీ ఆ గది నిండా సామాను. మామ్మ కాపురానికి వచ్చిననాటి ఇత్తడి గుండిగలు, రాగి కాగు, పచ్చళ్ళ జాడీలు, పాత దుప్పట్లు, శుభకార్యాలకి తప్ప బయటికి రాని తివాచీలు. ఇవన్నీ పట్టే బీరువా ఒకటి హాల్లోకి వస్తే గది ఖాళీ అవుతుంది, ఖాళీ అయితే గది పిల్లది, పట్టకపోతే మాత్రం సామాను దాని చోట అది ఉంటుంది, ఇంక ఆ మాట ఎత్తొద్దు అన్నాడు. మామ్మ ఏమీ అనలేదు. ఒత్తి మెలిపెడుతూ కూతురి కూతురి పెళ్ళికి ఆ గుండిగలే వాడేమని మాత్రం అంది.

అలా శ్రీకళ ఫోను పట్టుకుని బీరువాల మధ్య పడింది. ఆ పిల్ల రివ్యూలు చదివిన తీరు చూస్తే పరీక్షలకి అలా చదవొచ్చు కదా అని అమ్మకి అనిపించింది. ఒక్కో బీరువా కింద వందల మంది రాసేరు. బిగించడం తేలికన్నవాళ్ళు, రంగు ఫొటోలో ఉన్నట్టు లేదన్నవాళ్ళు, తెచ్చిన కుర్రాడు మెట్ల మీద పెట్టేసి వెళ్ళిపోయేడన్నవాళ్ళు. శ్రీకళకి వాళ్ళందరి మీదా గట్టి నమ్మకం. మొహాలు చూసి మాట్లాడేటప్పుడే మనుషులు మొహమాటానికి ఏదో ఒకటి అంటారు గానీ, ఎవరూ చూడకుండా కూర్చుని రాసుకునేవాళ్ళు అబద్ధం ఎందుకు రాస్తారు అని ఆమె ఆలోచన. తను అలాగే రాసుకుంటుంది కాబట్టి అందరూ అంతే అనుకుంది.

ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళవి చదివింది, ఎందుకు బాగుందో తెలియడానికి. ఒక్క స్టారు ఇచ్చినవాళ్ళవి చదివింది, ఎక్కడ మోసమో తెలియడానికి. మూడు స్టార్ల వాళ్ళని వదిలేసింది. బాగుందో బాగోలేదో తేల్చుకోలేనివాళ్ళు తనకేం చెబుతారని. చివర్లో, కొన్నవాళ్ళని ఏమైనా అడగండి అనే చోట ఎంతో ధైర్యం చేసి ఒక ప్రశ్న కూడా రాసింది. మాది కాలవల ఊరు, చెమ్మ ఎక్కువ, చెదలు పడతాయా అని. పట్టవని ఎవరెవరో జవాబిచ్చేరు. ఎక్కడో హైదరాబాదు వాళ్ళు, బెంగుళూరు వాళ్ళు, తనకోసం ఆగి రాసినందుకు ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది.

అలా వచ్చిన పెట్టె అది.

పెట్టె విప్పగానే మామ్మ పసుపూ కుంకుమా తెప్పించింది. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే బొట్టు పెట్టకుండా ఎలా అని ఆవిడ పట్టు. తీరా ముందు ఉన్నవి నేలంతా పరుచుకున్న పలకలు. దేనికి పెట్టాలి? ఏది తలో ఏది కాళ్ళో తెలియట్లేదని ఆవిడ కాసేపు తటపటాయించి, ఎందుకొచ్చిన గొడవని ప్రతి పలక అంచుకీ ఒక్కో బొట్టు పెట్టుకుంటూ పోయింది. ఒక్కో పలకకీ పల్చటి తెల్ల కాగితం చుట్టి ఉండడం చూసి మావయ్య ఊరుకోలేకపోయేడు.

"ఏంటి బావగారూ, బీరువా ఆర్డరు పెట్టేరా, ఆత్రేయపురం పూతరేకులు ఆర్డరు పెట్టేరా?"

"నువ్వు తినకుండా బిగిస్తే చాలు," అన్నాడు నాన్న.

రాహుకాలం రాకముందే మొదటి స్క్రూ పడాలంది మామ్మ. పడింది. తర్వాతవి పడడానికి సాయంత్రమైంది. పెట్టెలో వచ్చిన కాగితం మీద అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలే. మావయ్య బొమ్మ చూడకుండా బిగించేవాడు, నాన్న బొమ్మ చూసి విప్పించేవాడు. శ్రీకళ గుమ్మం దగ్గరే నిలబడి, మావయ్య తప్పు పలక ఎత్తినప్పుడల్లా సరైన పలకని కాలితో కొంచెం ముందుకి జరిపేది. ఎవరూ గమనించలేదు. గమనించనందుకే ఆమెకి హాయిగా ఉంది.

కాగితం చివర ఒక బొమ్మ దగ్గర అందరూ ఆగేరు. నీటి చుక్క, దాని మీద అడ్డంగా కొట్టేసిన గీత. అదేమిటని అమ్మ అడిగితే, వానలో పెట్టొద్దని అన్నాడు మావయ్య. వానలో పెట్టడానికి ఇదేమన్నా గడ్డిమేటా అని నాన్న నవ్వేడు. అందరూ నవ్వేరు. శ్రీకళ కూడా నవ్వింది.

హాల్లో బీరువాకి సరిపడా ఖాళీ ఉన్న గోడ ఒక్కటే, నీళ్ళు బయటికి పోయే తూము పక్క గోడ. అక్కడే నిలబెట్టేరు. నిలబెట్టేక నిజంగానే దొరబాబులా ఉంది. కొట్టుగదిలోంచి సామాను తరలించడం మొదలైంది. మామ్మ ఒక్కో వస్తువూ తనే అందించింది, అందించే ముందు దాని కథ చెప్పింది. గుండిగలు పట్టేయి, కాగు పట్టింది, తివాచీలు మడత మార్చి తోస్తే పట్టేయి. చివర్లో మూలనున్న నల్లరాయి ముక్కలు కొన్ని బయటపడ్డాయి. వంటింటి గట్టు వేయించినప్పుడు మిగిలినవి. మావయ్య అవి బోదెలో పారేసి వస్తానన్నాడు. మామ్మ ఒప్పుకోలేదు. ఎందుకూ పనికిరావు కదా అత్తయ్యగారూ అంటే, ఇప్పుడు పనికిరావు అంది. ఆ రాళ్ళు ఆవిడ మంచం కిందకి చేరేయి.

గది ఖాళీ అయింది. శుక్రవారం పూజయ్యేక మంచిరోజు చూసుకుని పిల్ల అందులోకి వెళ్ళొచ్చన్నారు. శ్రీకళ ఆ సాయంత్రం గదిలోకి వెళ్ళి, సాలెగూళ్ళు దులిపి, తలుపు రెండు రెక్కలూ దగ్గరగా లాగి చూసింది. పూర్తిగా వేయలేదు. ఇంకా తనది కాలేదు కదా.

శ్రావణమాసం. శుక్రవారం ఇల్లు కడగడం ఆ ఇంట్లో ఊపిరి తీసినట్టు జరిగిపోయే పని. తెల్లారకుండానే మామ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బిందెలతో నీళ్ళు కుమ్మరించి, కొబ్బరి ఈనెల చీపురుతో ఈ గోడ నుంచి ఆ గోడకి కొట్టుకుంటూ తూము దాకా తోసేది. మోకాళ్ళ నొప్పులొచ్చినా ఆ పని కోడలికి ఇవ్వలేదు. అందులోనూ ఆ రోజు పేరంటం. ఎప్పటికన్నా ఇంకో రెండు బిందెలు ఎక్కువే పడ్డాయి. నీళ్ళు గలగలా వెళ్ళి, తూము దగ్గర బీరువా కింద చేరి, తీరిగ్గా బయటికి పోయేయి.

సాయంత్రం పేరంటానికి వచ్చిన అమ్మలక్కలు బీరువాని నిమిరి చూసేరు. ఎక్కడ చేయించేరని అడిగితే, మా అమ్మాయి ఫోన్లో చూసి తెప్పించిందని అమ్మ గొప్పగా చెప్పింది. శ్రీకళ తాంబూలాల పళ్ళెం వెనక మొహం దాచుకుంది.

మర్నాడు అమ్మ పళ్ళేలు లోపల పెట్టబోతే బీరువా తలుపు రాలేదు. గట్టిగా లాగితే వచ్చింది, వచ్చేక మళ్ళీ పడలేదు. వంగి చూస్తే అడుగు పలక పాలలో వేసిన రస్కులా ఉబ్బి ఉంది. పైన అతికించిన నున్నటి పొర అంచుల్లో లేచిపోయి, లోపలి రంపపు పొట్టు కనిపిస్తోంది.

నాన్న వేలితో నొక్కి చూసేడు. వేలు దిగింది. నీళ్ళు తగిలేయని అన్నాడు. నీళ్ళు ఎక్కడివని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

శ్రీకళకి ముందు తన మీదే కోపం వచ్చింది. చెదలు పడతాయా అని అడిగింది. చెమ్మకి పాడవుతుందా అని చదివింది. శుక్రవారం మా ఇంట్లో బిందెలతో నీళ్ళు పోస్తారు అని అడగాలని తట్టనేలేదు. ఆమెకి తెలిసిన ఇళ్ళన్నీ అలా కడిగేవే. కడగని ఇళ్ళవాళ్ళు రాసిన మాటలు చదివి కొన్నానని అప్పుడు తెలిసింది.

నాన్న కోప్పడలేదు. అదే కష్టంగా ఉంది. ఆదివారం సత్తిబాబుని రమ్మందాం, ఇది విప్పేసి పక్కన పడేద్దాం, బరువుకి ఒరిగి ఎవరి మీదైనా పడితే కష్టం, సామాను మళ్ళీ గదిలో పెట్టేద్దాం అన్నాడు. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"మొహం తెలియని వాళ్ళని నమ్మితే ఇంతే మరి."

ఆ మాట శ్రీకళ బడి దాకా మోసుకెళ్ళింది, తిరిగి మోసుకొచ్చింది.

ఆదివారం మావయ్య వచ్చేడు. ఉబ్బిన పలక చూసి, వరదకి మునిగినా ఇంత ఉబ్బదన్నాడు. కాఫీ తాగుతూ, గ్లాసు దించకుండానే, మామ్మ మంచం వైపు చూసి వేళాకోళమాడేడు.

"ఏమండీ అత్తయ్యగారూ, గది వదలబుద్ధి కాక బిందె గట్టిగా ఒంపేసేరా ఏంటి?"

అమ్మ తమ్ముణ్ణి కసిరింది. మామ్మ ఒత్తులు చేసుకుంటూనే ఉంది. కానీ ఆ మాట శ్రీకళ మనసులో ముల్లులా దిగిపోయింది. గది అడిగినప్పుడు మామ్మ ఏమీ అనకపోవడం, గుండిగల కథలు చెప్పడం, రాళ్ళు కూడా వదలకపోవడం, అన్నీ వరసగా గుర్తొచ్చేయి. మామ్మకి మనసులోనే ఒక స్టారు ఇచ్చి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

బీరువాకి కూడా ఒక స్టారు ఇద్దామనే వెళ్ళింది. ఏం రాయాలో వెతుక్కుంటూ, పాత రివ్యూలు మళ్ళీ ఒకటొకటిగా కిందకి తోస్తూ పోయింది. చాలా కిందికి వెళ్ళేక, ఎవరూ చదివినట్టు లేని చోట, ఒక మూడు స్టార్లది కనబడింది. రాసినావిడ పేరు రాజరాజేశ్వరి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. శ్రీకళ మొదటి మాట చదివి, అరటాకు మీంచి చినుకులు ఫోను మీద పడుతున్నా కదలకుండా చివరిదాకా చదివింది. మళ్ళీ చదివింది.

హాల్లోకి వచ్చేసరికి మావయ్య స్క్రూలు విప్పే వంకర కమ్మీ చేతిలోకి తీసుకుని ఉన్నాడు. నాన్న గుండిగలు బయటికి తీస్తున్నాడు. కొట్టుగది తలుపు బార్లా తీసి ఉంది, మళ్ళీ సామాను పట్టడానికి.

శ్రీకళ ఫోను అమ్మకి ఇవ్వబోయింది. అమ్మ చేతులు తడిగా ఉన్నాయి. నాన్న చేతుల్లో గుండిగ. ఇంక చదవగలిగింది తనే. తలుపు వైపు చూసింది. బార్లా తీసిన ఆ తలుపు వైపే చూస్తూ, ఎవరి మొహమూ చూడకుండా చదివింది.

"బీరువా మంచిదే. మాది రాజోలు పక్క పల్లె. శుక్రవారం ఇల్లు నీళ్ళు పోసి కడుగుతాం. అడుగు చెక్క ఉబ్బిపోయింది. బీరువాది తప్పు కాదు, కడిగినవాళ్ళదీ తప్పు కాదు. ఒకళ్ళకొకళ్ళు తెలియదు, అంతే. కింద రాయి ముక్కలు వేసి ఎత్తు మీద పెట్టుకోండి. తలుపు పట్టకపోతే బందు దగ్గర చిన్న స్క్రూ ఉంది, అది తిప్పితే తలుపు పైకి లేస్తుంది. మాది ఇప్పటికీ నిలబడే ఉంది. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని."

శ్రీకళ అంతసేపు అందరి ముందూ మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మావయ్య కమ్మీ పట్టుకుని అలాగే ఉండిపోయేడు. నాన్న గుండిగ కింద పెట్టేడు.

ముందు కదిలింది మామ్మ. మంచం మీంచి దిగి, వంగి, మంచం కింద చెయ్యి పెట్టి నల్లరాయి ముక్క ఒకటి లాగింది. తర్వాత ఇంకోటి. ఒక్కోటీ లాగి చీర చెంగుతో దుమ్ము తుడిచి, బీరువా దగ్గర వరసగా పెట్టింది. పెట్టి, మావయ్య వైపు చూసింది.

"ఏరా అబ్బాయ్, బోదెలో పారేసొస్తానన్నావు?"

"ఆయ్, తప్పైపోయిందండి," అన్నాడు మావయ్య. ఆ రోజుకి అతని వేళాకోళాలు అయిపోయేయి.

సామాను దించి, బీరువాని నలుగురూ పట్టి ఎత్తేరు. మూలలకి రాళ్ళు తోసేరు. మావయ్య బందులు వెతికితే, రాజరాజేశ్వరిగారు చెప్పినచోటే చిన్న స్క్రూ ఉంది. తిప్పితే తలుపు నిజంగానే వెంట్రుకవాసి పైకి లేచింది. మళ్ళీ తిప్పేడు. కుడి రెక్క పట్టింది. ఎడమ రెక్కకి కొంచెం మోకాలితో సాయం చేయాలి. ఆ మోకాలి పని అమ్మకి ఒక్కపూటలో అలవాటైపోయింది. ఉబ్బిన పలక ఉబ్బినట్టే ఉంది, కానీ నేలకి అంటకుండా, రాళ్ళ మీద నిబ్బరంగా నిలబడింది. నాన్న భుజంతో నెట్టి చూసి, కదలదులే అన్నాడు. కాసేపాగి, ఆవిడెవరో గానీ చల్లగా ఉండాలి అన్నాడు. మొహం తెలియదన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎప్పుడూ చూడని ఆ రాజోలు వైపు ఆవిడ గురించి శ్రీకళ పుస్తకంలో చాలా రాసుకుంది. తన ఇల్లు కడుక్కుని, తన బీరువా బాగుచేసుకుని ఊరుకోకుండా, ఎవరికోసమని కూర్చుని అంత రాసింది? అది ఎవరికీ పనికొచ్చినట్టు ఎవరూ చెప్పలేదు కూడా. తను ముందే చదివి ఉంటే పలక ఉబ్బేది కాదు. తేల్చుకోలేనివాళ్ళు అని తను వదిలేసిన మూడు స్టార్ల వాళ్ళే రెండు వైపులా చెబుతారని అప్పుడు అర్థమైంది. మామ్మ సంగతి మాత్రం రాయలేదు. మామ్మ దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయేది. ఆవిడ రాళ్ళు తీసి ఇచ్చిన మాట నిజమే. బిందె ఒంపిన మాటా నిజమే. ఆవిడ మనసులో ఏముందో చదవడానికి కింద ఎక్కడా రాసిలేదు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది.

బిందె చప్పుడుకి శ్రీకళకి మెలకువొచ్చింది. చాప చుట్టేసి గోడవారగా నిలబడింది. మామ్మ ఎప్పట్లాగే గుమ్మం వైపు నుంచి నీళ్ళు పోసింది. ఎప్పట్లాగే చీపురుతో కొట్టింది. కానీ నీళ్ళు తూము వైపు పోనివ్వలేదు. ఎదురు తిప్పి, గుమ్మం లోంచి అరుగు మీదికి, అరుగు మీంచి వాకిట్లోకి తోసింది. అది ఎత్తు వైపు. ఒక్కో విసురుకీ వెనక్కి వచ్చేస్తున్న నీళ్ళని మళ్ళీ మళ్ళీ తోసింది. తర్వాత బిందె పక్కన పెట్టి, గోడ పట్టుకుని, నెమ్మదిగా నేల మీద కూర్చుంది. ఒక కాలు మడవగలిగింది, రెండోది మడవలేక చాపేసింది. తడిగుడ్డ పిండుకుని బీరువా చుట్టూ, రాళ్ళ చుట్టూ, గచ్చంతా తుడవడం మొదలుపెట్టింది.

రాళ్ళున్నాయి కదా, నీళ్ళు పోసినా ఏమీ కాదు కదా అంది శ్రీకళ.

రాళ్ళని నమ్మి మళ్ళీ పోస్తానా అంది మామ్మ.

శ్రీకళ గుడ్డ అందుకోబోయింది. మామ్మ ఇవ్వలేదు. చాపిన కాలు అలాగే ఈడ్చుకుంటూ బీరువా అవతలి మూలకి జరిగి తుడిచింది. ఊహ తెలిసినప్పట్నుంచి చూస్తున్న శుక్రవారాలన్నీ శ్రీకళ కళ్ళముందు తిరిగేయి. ఎవరు చెప్పినా మారని చెయ్యి అది. జ్వరమొచ్చినా బిందె వదలని చెయ్యి. ఎవరూ అడగకుండానే ఇప్పుడు మారింది. శ్రీకళ పక్కన కూర్చుని, ఇంకో గుడ్డ తెచ్చుకుని, గోడ వైపు తుడిచింది.

పూజయ్యేక మామ్మ ఆమెని చెయ్యి పట్టుకుని కొట్టుగదిలోకి తీసుకెళ్ళింది. కిటికీ కింద పాత పీట, దాని పక్కన రాసుకోవడానికి ఎత్తుగా ధాన్యం పెట్టె. పెట్టె మీద మామ్మ ఎప్పుడు పరిచిందో ఉతికిన పంచె ముక్క పరిచి ఉంది. శ్రీకళ పుస్తకం కూడా అక్కడే ఉంది, చాప చుట్టలో దాచినది. తెరిచినట్టు లేదు. మామ్మకి చదువు రాదు, వచ్చినా తెరిచేది కాదు.

"సత్తిబాబు అన్న మాట నువ్వూ అనుకున్నావు కదే?" అంది మామ్మ.

శ్రీకళ తలొంచుకుంది.

"అనుకోవూ మరి. కాపురానికొచ్చిన కొత్తలో నాకూ ఈ గదే గతి. ఏడుపొచ్చినా, నవ్వొచ్చినా, ఊరికే కాసేపు కూర్చోవాలనిపించినా, సామాను సర్దొస్తానని చెప్పి ఇందులోకొచ్చేదాన్ని. తలుపేసుకుంటే లోపలేం చేస్తున్నావని అడిగేవారు. అందుకని ఓరగా వేసుకునేదాన్ని. ఎన్నేళ్ళున్నా ఓరగానే. ఇందులో సామాను తీసేస్తుంటే నాకు బాధేసిన మాట నిజమే అమ్మడూ. నీళ్ళు మాత్రం అలవాటున పోసేను."

తెలుసు మామ్మా అందామనుకుంది శ్రీకళ. అప్పటిదాకా తెలియదు కాబట్టి అనలేదు. ఆవిడ చెయ్యి వదలకుండా పట్టుకుంది. తడిగుడ్డ పిండి పిండి ఆ చెయ్యి నానిపోయి ఉంది.

మామ్మ బొడ్లోంచి ఇంటి ఫోను తీసి ధాన్యం పెట్టె మీద పెట్టింది. రాజోలావిడ రాసినట్టు నువ్వూ రాయి అంది. మనలాగే కడిగేవాళ్ళు ఇంకా ఎంతమందుంటారో, వాళ్ళకి కొనకముందే తెలియాలి కదా. ఆదిలక్ష్మి అనే ముసలావిడ నీళ్ళు పోసిందని పేరు పెట్టి రాసినా ఏం ఫరవాలేదంది. అలా పేర్లు రాయరు మామ్మా అంది శ్రీకళ. అయితే మా మామ్మ అని రాయి అంది ఆవిడ.

"ఎన్ని స్టార్లు ఇమ్మంటావు?" అని అడిగింది శ్రీకళ.

"నీకెన్ని తోస్తే అన్ని. నన్నడక్కు, ఎవర్నీ అడక్కు. మీ అమ్మ పిలిచినా చదువుకుంటోందని నేను చెప్తాను."

ఆవిడ గడప దాటింది. బయట నిలబడి ఒక రెక్క లాగింది. రెండో రెక్క వానకి బిగిసి మొరాయించింది. మోకాలికి నొప్పైనా మోకాలే పెట్టి నెట్టింది. మధ్యలో సన్నటి సందులోంచి ఆవిడ ముఖం ఒక్క క్షణం కనిపించింది. తర్వాత ఆ సందు కూడా లేకుండా, ఓరగా కాకుండా, మామ్మ తలుపు పూర్తిగా మూసేసింది.